ఎస్.ఏ.ఎస్. ఉన్నా రాకెట్ ఎందుకు తలకిందులవుతుంది?

ప్రశ్న: 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' ఆటలో 'టి' మీట నొక్కి, వ్యోమనౌకను స్థిరంగా ఉంచే ఎస్.ఏ.ఎస్.ను ఆన్ చేసినా, నా రాకెట్ పైకి లేచిన కొద్దిసేపటికే తలకిందులవుతోంది. ఈ సదుపాయంలోనే లోపం ఉందా?

జవాబు: లోపం రాకెట్ నిర్మాణంలో ఉండే అవకాశమే ఎక్కువ. ఎస్.ఏ.ఎస్. ఆదేశాలు మాత్రమే ఇస్తుంది; నౌకను తిప్పే బలం రియాక్షన్ వీల్స్ (లోపల తిరుగుతూ నౌకను తిప్పే చక్రాలు), నాజిల్‌ను అటూ ఇటూ వంచగల ఇంజిన్లు, కదిలే రెక్కలు, ఆర్.సి.ఎస్. థ్రస్టర్ల (దిశ మార్చే చిన్న ఇంజిన్ల) నుంచి రావాలి. దట్టమైన వాతావరణంలో వేగం మరీ పెరిగినప్పుడు, వెడల్పాటి పైభాగంపై పడే గాలి తాకిడి ద్రవ్యరాశి కేంద్రానికి ముందువైపు పనిచేస్తే, ముక్కు కాస్త పక్కకు జరిగినా గాలి దాన్ని మరింత తోస్తుంది. ఆ తోపు ముందు రియాక్షన్ వీల్స్ బలం చాలదు. బాణానికి ఈకలు కట్టినట్లు రాకెట్ అడుగున రెక్కలు అమర్చి, ముక్కును ప్రోగ్రేడ్ గుర్తుకు (నౌక ప్రయాణిస్తున్న దిశను చూపే గుర్తుకు) దగ్గరగా ఉంచుతూ నెమ్మదిగా వంచితే చాలావరకు సమస్య తీరుతుంది.

కెరీర్ విధానంలో మరో మెలిక ఉంది. సిబ్బందిలో పైలట్‌కు మాత్రమే ఎస్.ఏ.ఎస్.ను వాడే నైపుణ్యం ఉంటుంది. కొత్త పైలట్ నౌకను ఉన్న దిశలోనే నిలపగలడు, ప్రోగ్రేడ్‌ను అనుసరించాలంటే ఒకటో స్థాయికి చేరాలి. మానవరహిత నౌకలను నడిపే పరికరాల్లో 'స్టేపుట్నిక్' చౌకే గాని, దానిలో ఎస్.ఏ.ఎస్. అసలే లేదు, కనుక నేనైతే దాన్ని ఎంచుకోను. రియాక్షన్ వీల్స్ విద్యుత్తుతో పనిచేస్తాయి కాబట్టి, బ్యాటరీ ఖాళీ అయితే అవి కూడా ఆగిపోతాయి.