టెక్ సందేహాలు: క్రిస్మస్ సెలవులు, రోలర్ కోస్టర్లు, తడిసిన ఫోన్లు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే దారి పట్టాయి. మిషనరీ బడుల సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లలు హైదరాబాద్ దగ్గరి వండర్‌లా పార్కు అంటున్నారు, తాతయ్యలు రామోజీ ఫిల్మ్ సిటీ అంటున్నారు, మధ్యలో ఉన్నవాళ్లు నాకు రాస్తున్నారు. అందుకే ప్రింటర్లనూ రూటర్లనూ వచ్చే వారానికి వాయిదా వేశాను. ఒక మాట ముందే చెబుతాను. ఇలాంటి ప్రయాణంలో ఫోనుతో పడే పనులన్నీ ఇల్లు కదలక ముందే ముగిసిపోవాలి. పార్కులోకి వెళ్లాక దాని చోటు లాకరే.

గూగుల్ మ్యాప్స్‌లో పార్కు పేరు నొక్కితే ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో నిలువు గీతల్లో చూపిస్తోంది. పనిరోజుల్లో ఖాళీగానే కనిపిస్తోంది. దాన్ని నమ్మి 26న వెళ్లవచ్చా? (పటమట నుంచి ఒక పాఠకుడు)

నమ్మవద్దండీ. ఆ గీతలు రాబోయే రోజు గురించి చెప్పేవి కావు, గడిచిన వారాల సరాసరి. లొకేషన్ వివరాలు పంచుకోవడానికి ఒప్పుకున్న వాళ్ల ఫోన్లను బట్టి, పేర్లు తీసేసి, ఆ చోట ఏ గంటకు ఎంత మంది ఉంటున్నారో లెక్కగట్టి గీస్తారు. నవంబరు నాటి గీత చూసి క్రిస్మస్ మర్నాడు బయలుదేరడం, శ్రావణంలో ఓ మంగళవారం ఇంద్రకీలాద్రి ఎక్కి వచ్చి మూలా నక్షత్రం రోజున కూడా అలాగే ఉంటుందనుకోవడం లాంటిది. ఆ క్షణాన ఎంత రద్దీ ఉందో వేరే రంగు గీతలో చూపిస్తారు. అది మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది. కానీ అప్పటికి మీరు సూర్యాపేట దాటి ఉంటారు, వెనక్కి తిరగలేరు.

అంతకంటే మంచి సూచన ఒకటి ఉంది. పార్కు సొంత వెబ్‌సైట్‌లో టికెట్ కొనే క్యాలెండర్ తెరిచి ఒక్కో తేదీ ధర చూడండి. ఏ రోజు ధర పెరిగిందో ఆ రోజు జనం విరగబడతారని పార్కు వాళ్లకే తెలుసన్నమాట. 25 నుంచి జనవరి 1 దాకా, మిగిలిపోయిన సెలవులు వాడుకునే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులంతా అక్కడే ఉంటారు. మీ పిల్లల బడికి ముందే సెలవులిస్తే, క్రిస్మస్‌కు ముందు వచ్చే పనిరోజుల్లో వెళ్లి రావడం మేలు.

ఇంకొకటి. టికెట్‌ను ఇంట్లోనే ఫోనులోకి దించుకుని, క్యూఆర్ కోడ్ స్పష్టంగా కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఇంట్లో మరొకరి ఫోనుకూ పంపండి. ఒకే టవర్ కింద వేల ఫోన్లు చేరే చోట ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది. రెండేళ్ల క్రితం మా బావమరిది "టికెట్ మెయిల్‌లో ఉంది, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ ఒక్క నిమిషం ఇరవై అయింది. మేం పదకొండు మందిమి గేటు పక్కన నిలబడి, తెరమీద తిరిగే ఆ చిన్న చక్రాన్నే చూశాం. ఆ రోజు మేం చూసిన మొదటి రైడ్ అదే.

వెతగ్గానే పైన వచ్చిన ఒక సైట్‌లో నలుగురికి టికెట్లు సగం ధరకే ఇస్తున్నారు. అడ్రస్ పక్కన తాళం గుర్తు కూడా ఉంది. యూపీఐతో కట్టమంటోంది. కట్టవచ్చా? (గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పాఠకురాలు)

కట్టకండి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. లోగో, ఫొటోలు, రంగులు అన్నీ అసలు పార్కువే. కాపీ కొట్టడం కష్టమేమీ కాదు.

తాళం గుర్తు గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. మీ ఫోనుకూ ఆ సైట్‌కూ మధ్య మాటలు మూడో వాడికి వినబడవని మాత్రమే దానికి అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగతో గుసగుసగా మాట్లాడినా అది గుసగుసే. వెతికినప్పుడు పైన వచ్చిందంటారా, 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే, ఆ పైచోటు డబ్బు కట్టి కొనుక్కున్నదే.

సైట్ పేరును చివరి నుంచి వెనక్కి చదవడం అలవాటు చేసుకోండి. 'డాట్ కామ్'కు సరిగ్గా ముందున్న ముక్కే ఇంటి యజమాని పేరు. వండర్‌లా వాళ్లది వండర్‌లా డాట్ కామ్, ఫిల్మ్ సిటీ వాళ్లది రామోజీఫిల్మ్‌సిటీ డాట్ కామ్. మీరు పంపిన దాంట్లో పార్కు పేరు ముందు ఉంది, దాని తర్వాత అడ్డగీత, 'ఆఫర్', చివర 'డాట్ షాప్'. అంటే పార్కు పేరు గుమ్మానికి వేలాడదీసిన బోర్డు మాత్రమే, ఇల్లు మరొకరిది.

చివరి కాపలా యూపీఐ దగ్గర ఉంది. పిన్ కొట్టే ముందు, డబ్బు అందుకునే వాడి బ్యాంకు ఖాతాలోని పేరు తెరమీద కనిపిస్తుంది. అక్కడ కంపెనీ పేరు బదులు ఎవరో వ్యక్తి పేరు ఉంటే వెనక్కి వచ్చేయండి. అలాగే 'కూపన్ యాప్' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోనులోకి యాప్‌ను ఎక్కించేది) తెరవనే వద్దు. ఇప్పటికే ఎవరైనా కట్టేసి ఉంటే, సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది.

ఆరుగురం రైల్లో వెళ్లాలి. టికెట్లు అయిపోయాయి. తత్కాల్ దొరకాలంటే ఏం చేయాలి? (మంగళగిరి)

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. డిసెంబరు 25వ తేదీ టికెట్లు అక్టోబరు 26 ఉదయమే అమ్మకానికి వచ్చాయన్నమాట. ఇక తత్కాలే. ఏసీ తరగతులకు ముందు రోజు ఉదయం 10 గంటలకు, మిగతా వాటికి 11 గంటలకు మొదలవుతుంది. 2025 జూలై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇస్తున్నారు, ఆధార్‌కు ముడిపడ్డ ఫోనుకు ఓటీపీ కూడా వస్తుంది. ఈ పని ఆ రోజు 9.55కు కాదు, ఈ రాత్రే ఐఆర్‌సీటీసీ ఖాతాలోకి వెళ్లి పూర్తి చేయండి. ప్రయాణికుల పేర్లు, వయసులు ముందే జాబితాలో నింపి ఉంచండి.

మీ అసలు చిక్కు వేరే ఉంది. తత్కాల్‌లో ఒక టికెట్‌పై నలుగురికే చోటు. ఆరుగురికి రెండు టికెట్లు కావాలి, ఇంట్లో మరో ఖాతాతో మరొకరు అదే సమయానికి కూర్చోవాలి. నలుగురికి దొరికి ఇద్దరికి దొరక్కపోతే? ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు.

ఫిల్మ్ సిటీకే అయితే రైలెందుకండీ? అది హైదరాబాద్‌కు ఇవతల, విజయవాడ రహదారి మీదే ఉంది. సికింద్రాబాద్‌లో దిగి మళ్లీ అంత దూరం వెనక్కి రావడం కంటే, బస్సులో వెళ్లి దారిలోనే దిగడం సుఖం.

కారుకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. వండర్‌లా వరకు ఇక ఖర్చు లేనట్టేనా? (తెనాలి)

దాదాపు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఈ పాస్, ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్లు జాతీయ రహదారి మీదివి కాబట్టి అక్కడ చెల్లుతుంది. కానీ మీరు హైదరాబాద్ ఊళ్లోకి పోకుండా పెద్ద అంబర్‌పేట దగ్గర ఎడమకు తిరిగి, ఔటర్ రింగ్ రోడ్డెక్కి, 13వ ఎగ్జిట్ దగ్గర రావిర్యాలలో దిగుతారు. ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు. అక్కడ పాస్ పనిచేయదు, ఫాస్టాగ్‌లోని మామూలు డబ్బే కోసుకుంటుంది. పాస్ ఉంది కదా అని ఖాతా ఖాళీగా పెట్టుకుని వెళ్లేవాళ్లు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటారు. బయలుదేరే ముందు ఓ ఐదు వందలు వేసి ఉంచండి. తెల్లవారుజామున బయలుదేరితే మంచు జాగ్రత్త, దాన్ని ఏ మ్యాపూ చూపించదు.

నా ఫోను ఐపీ68. వేవ్ పూల్‌లోకి తీసుకెళ్లి వీడియో తీయవచ్చా? లేక ప్లాస్టిక్ సంచి కొనాలా? (సత్యనారాయణపురం)

ఐపీ68లో 6 దుమ్మును తట్టుకునే స్థాయి, 8 నీటిని తట్టుకునే స్థాయి. ఆ 8 కోసం చేసే పరీక్ష ప్రయోగశాలలో, కదలని మంచినీటిలో, తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంత సేపు జరుగుతుంది. వేవ్ పూల్‌లో ఉండేది క్లోరిన్ కలిపిన నీరు, అది కదలకుండా ఉండదు. జారుడు బల్ల చివర నీళ్లలో పడేటప్పుడు ఫోను మీద పడే ఒత్తిడిని ఆ పరీక్ష లెక్కలోకి తీసుకోలేదు. పైగా లోపలి రబ్బరు సీళ్లు కొన్నప్పుడున్నంత బిగువుగా రెండేళ్ల తర్వాత ఉండవు. ఇక వారంటీ కాగితం చదవండి, నీరు చేరిన ఫోనుకు సాధారణంగా వర్తించదని రాసి ఉంటుంది. నీటిని తట్టుకుంటుందని ప్రకటనలో చెప్పి, తట్టుకోకపోతే మాది కాదని వారంటీలో రాయడం ఈ వ్యాపారం నేర్చిన విద్య.

సంచి కొంటే కొనండి, కానీ పరీక్షించకుండా ఫోను పెట్టకండి. నేను చేసే పద్ధతి ఇది. సంచిలో పొడి టిష్యూ కాగితం ఒకటి మడిచి పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో ముంచి, తేలకుండా పైన ఇత్తడి చెంబు పెట్టి అరగంట వదిలేయాలి. తర్వాత సంచి పైభాగం బాగా తుడిచి, ఆరాకే తెరవాలి. లేకపోతే అంచున ఉన్న చుక్క జారి కాగితం మీద పడి మిమ్మల్ని మోసం చేస్తుంది. కాగితాన్ని వేళ్ల మధ్య నలిపితే గలగలమనాలి. మెత్తగా తగిలిందంటే ఆ సంచి కూరగాయలకే. ఒకసారి మా చెల్లెలు ఈ పరీక్ష చాదస్తమని కొట్టిపారేసింది. మధ్యాహ్నానికి సంచి మూలలో చెంచాడు నీళ్లు, అందులో ఆమె ఫోను, మా అందరి ముఖాల్లో ఎవరూ పైకి అనని 'చెప్పాం కదా'.

నీటి అడుగున తెర మీద వేలు పనిచేయదు, నీరే వేలిలా తగులుతుంటుంది. వీడియో ముందే మొదలుపెట్టి దిగండి, లేదా శబ్దం పెంచే బటన్‌తో ఫొటో తీయండి.

ఒకవేళ తడిస్తే వెంటనే ఆపేసి, తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా అరచేతికి మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలికి వదిలేయండి. పూర్తిగా ఆరేవరకు ఛార్జర్ పెట్టవద్దు. బియ్యం డబ్బాలో పాతిపెట్టవద్దు, బియ్యపు పొడి రంధ్రంలోకి చేరి పాడుచేస్తుందని యాపిల్ సంస్థే తన సూచనల్లో రాసింది. మన మసూరి బియ్యం అన్నానికే ఉంచుదాం.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్ చాలా, 20,000 కావాలా? (గుణదల)

10,000 చాలు. డబ్బా మీద రాసిన అంకె లోపలి బ్యాటరీది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. దాన్ని 5 వోల్టులకు పెంచి మీ ఫోనుకు ఎక్కించేసరికి చేతికొచ్చేది 6,000 చిల్లర. 5,000 బ్యాటరీ ఉన్న ఫోను ఒకసారి నిండి ఇంకాస్త మిగులుతుంది. ఒక రోజు విహారానికి అంతకన్నా ఎందుకు? రెండో ఫోనును ఇంట్లో నిండా ఛార్జ్ చేసి తెచ్చుకోండి.

మా అయిదేళ్ల పాప తప్పిపోతుందేమోనని భయం. బ్లూటూత్ ట్యాగ్ మెడలో వేస్తే ఫోనులో కనిపిస్తుందా? (బ్రాడీపేట నుంచి ఒక తల్లి)

కనిపించవచ్చు, కానీ మీరనుకున్నట్టు కాదమ్మా. ఆ బిళ్లలో జీపీఎస్ ఉండదు. దగ్గరలో ఉన్న ఎవరి ఫోనుకో బ్లూటూత్ సంకేతం అందితే, ఆ ఫోను ఉన్న చోటును మీకు చేరవేస్తుంది. అంటే మీ తెరమీద చుక్క కొన్ని నిమిషాల కిందటిది కావచ్చు. పెట్టె ఎక్కడికీ పోదు కాబట్టి దానికి సరిపోతుంది. పరుగెత్తే పిల్లకు కొన్ని నిమిషాలంటే ఎంత దూరమో మీకు నేను చెప్పాలా? ఫోన్లన్నీ లాకర్లలో ఉండే నీళ్ల ఆటల దగ్గర ఆ సంకేతం అందుకునే నాథుడూ ఉండడు.

ట్యాగ్ వేయండి, వద్దనను. దానికి ముందు గేటు దగ్గర పాపను నిలబెట్టి తల నుంచి చెప్పుల దాకా ఒక ఫొటో తీయండి. కంగారులో "ఏ రంగు గౌను" అంటే తల్లికి కూడా నోట మాట రాదు, ఫొటో చూపిస్తే కాపలావాళ్లకు క్షణంలో అర్థమవుతుంది. మీ ఫోను నంబరు చెరగని ఇంకుతో పాప ముంజేతి మీద రాయండి. మీ ఫోను లాకర్‌లో ఉంటుంది కాబట్టి, నీళ్లలో దిగకుండా ఒడ్డున కూర్చునే అమ్మమ్మ నంబరైతే మరీ మంచిది.

బంధువుల గ్రూపులో ఫొటోలు పంపితే మసకబారుతున్నాయి. (కృష్ణలంక)

వాట్సాప్ వాటిని నలిపి చిన్నవి చేస్తుంది. హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. అన్నిటికన్నా మేలు, తిరుగు ప్రయాణంలో కోదాడ దగ్గర టీ తాగే వేళ ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే క్విక్ షేర్‌తో మార్చుకోవడం. డేటా ఖర్చు కాదు, మసకా ఉండదు.

వండర్‌లాలో పిల్లల టికెట్ ఎత్తును బట్టి అంటున్నారు. కెమెరాతో ఎత్తు కొలిచే మంచి యాప్ చెప్పండి. (విద్యాధరపురం)

అవును, వయసు కాదు, ఎత్తే. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్. కెమెరా యాప్‌లు రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ చెబుతాయి, మీకు తేడా వచ్చేది సరిగ్గా ఆ రెండు మూడింటి దగ్గరే. బాబును గోడకు ఆనించి, నెత్తిన అట్ట పుస్తకం ఒకటి అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, దర్జీ టేపుతో కొలవండి. పెద్ద రైడ్లు ఎక్కాలని వాడు మునివేళ్ల మీద లేస్తాడు, టికెట్ తగ్గుతుందని మీరు భుజం నొక్కుతారు. కొలిచే పని వాళ్ల అమ్మకు అప్పగించండి, చెప్పులు విప్పించడం మరిచిపోవద్దు.