రెండుసార్లు శుభ్రం చేయించినా సైట్ మళ్లీ ఎందుకు హ్యాక్ అవుతోంది?

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే మీ వర్డ్‌ప్రెస్ సైట్‌ను రెండుసార్లు శుభ్రం చేయించారు. అయినా గూగుల్‌లో మీ సైట్ పేరు మీద, మీరు పెట్టని జపనీస్ పేజీలు మళ్లీ పుట్టుకొస్తున్నాయి. సెక్యూరిటీ ప్లగిన్ మాత్రం అంతా బాగుందంటోంది. ఇదీ మీ ప్రశ్న.

ముందు ఆ ప్లగిన్ మాట పక్కన పెట్టండి. హ్యాకర్ చేతిలో ఉన్న సైట్‌లోనే నడుస్తూ అది ఇచ్చే సర్టిఫికెట్‌కు విలువ లేదు. మీవాళ్లు చెత్త పేజీలు ఎత్తిపోశారు, వాడు వచ్చే దొడ్డిదారి మూయలేదు.

ఫైళ్లు, డేటాబేస్, యాక్సెస్ లాగ్‌లు (సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పే చిట్టా) మొదట కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత కోర్ (వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్లు), ప్లగిన్, థీమ్ (సైట్ రూపాన్నిచ్చే ఫైళ్లు) ఫోల్డర్లు పూర్తిగా తీసేసి కొత్తవి పెట్టండి. పాతవాటి మీదే కొత్తవి ఎక్కిస్తే హ్యాకర్ అదనంగా చేర్చిన ఫైలు అలాగే ఉండిపోతుంది. ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌కు నేరుగా కమాండ్లు ఇచ్చే దారి) ఉంటే, డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే వర్డ్‌ప్రెస్ కమాండ్ టూల్‌లో చెక్‌సమ్స్, అంటే ఫైళ్ల వేలిముద్రలు, అసలువాటితో పోల్చి చూడొచ్చు గానీ, డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ల సంగతి అది తేల్చలేదు.

అసలు పని డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ఉంది. అందులో మీ ఫొటోలు చేరే అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ ఫైలు (సర్వర్‌లో నడిచే కోడ్) ఉండటానికి కారణమే లేదు. కొన్ని ప్లగిన్లు పెట్టే ఖాళీ ఇండెక్స్ ఫైలు తప్ప. ఎంయూ-ప్లగిన్స్ (తప్పనిసరిగా నడిచే ప్లగిన్ల) ఫోల్డర్ తప్పకుండా తెరవండి. అందులో నేరుగా ఏ పీహెచ్‌పీ ఫైలు పడేసినా దానంతటదే నడుస్తుంది, ఆపడానికి డాష్‌బోర్డులో బటన్ ఉండదు. చుక్కతో మొదలయ్యే యూజర్ ఐఎన్ఐ అనే పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఫైల్లో ఆటో ప్రిపెండ్ లైను ఉందేమో చూడండి. ఉంటే ప్రతి పేజీకీ ముందు వాడి కోడే నడుస్తుంది. బొమ్మ ఐకాన్ పేరు పెట్టుకున్న ఫైల్లోనూ పీహెచ్‌పీ దాగొచ్చు. హ్యాకర్లు కోడ్ దాచడానికి వాడే ఇవాల్, బేస్64 అనే మాటలు వెతికి దొరికిందల్లా తుడిచేయకండి, మంచి ప్లగిన్లలోనూ అవి ఉంటాయి. ఫైలు మార్చిన తేదీనీ నమ్మొద్దు, టచ్ కమాండ్‌తో దాన్ని వెనక్కి జరపడం చిటికెలో పని.

తుడిచిన ఫైలు క్షణాల్లో తిరిగొస్తోందంటే వెనక పీహెచ్‌పీ ప్రాసెస్ ఏదో నడుస్తోందన్నమాట. దాన్ని చంపి, సీప్యానెల్‌లో (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) క్రాన్ జాబ్‌లు, అంటే వేళకు వాటంతటవే నడిచే పనులు, చూసి, అప్పుడు తుడవండి.

ఇక ఇది చెప్పకుండా ఉండలేను. తక్కువ ధరకు సైట్ కట్టిచ్చేవాళ్లలో కొందరు లైసెన్స్ పీకేసిన దొంగ థీమ్ వేస్తారు. చాలాసార్లు హ్యాకర్ కోడ్ అందులోనే వస్తుంది. పైగా బెజవాడ స్వీట్ షాపు, తెనాలి ట్యూషన్ సెంటరు, మీ మిర్చి సైటు అన్నీ ఒకే హోస్టింగ్ అకౌంట్‌లో కుక్కుతారు. అన్నీ ఒకే యూజర్ కింద నడుస్తాయి కాబట్టి పక్క ఫోల్డర్‌లోంచి మీ ఫైళ్లలో రాయడానికి అడ్డేమీ ఉండదు. మీదొక్కటే ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. సొంత అకౌంట్ తీసుకుని బయటికి రండి, థీమ్ బిల్లు అడగండి.

యూజర్లను డాష్‌బోర్డులో కాదు, డేటాబేస్‌ను నేరుగా చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో యూజర్ల టేబుల్ తెరిచి చూడండి. చిన్న కోడ్‌తో అడ్మిన్‌ను జాబితాలో కనపడకుండా చేస్తారు. పాస్‌వర్డ్ మార్చినా, బయటి యాప్‌ల కోసం వర్డ్‌ప్రెస్ విడిగా ఇచ్చే అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు చెల్లుతూనే ఉంటాయి, వాటినీ రద్దు చేయండి. కాన్ఫిగ్ ఫైల్లోని 8 రహస్య కీలు మారిస్తే లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటపడతారు. డేటాబేస్, ఎఫ్‌టీపీ, సీప్యానెల్ పాస్‌వర్డ్‌లు, ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా మార్చాలి. ఈ మార్పులన్నీ సైట్ శుభ్రం చేశాకే. ముందే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికే చేరుతుంది.

జపనీస్ పేజీల కేసుల్లో సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో తెలియని ఓనరు ఉండటం మామూలే. సైట్ తనదేనని చూపడానికి వాడు పెట్టిన వెరిఫికేషన్ ఫైలో, ట్యాగో ముందు తీసి, తర్వాత వాణ్ని తొలగించండి. వాడు గూగుల్‌కు ఇచ్చిన పేజీల జాబితా, అంటే సైట్‌మ్యాప్, కూడా తీసేయండి. చెత్త పేజీలు 404 (దొరకలేదు) గానీ 410 (తీసేశారు) గానీ ఇవ్వాలి. ఏ పేజీల్లోకి రావొద్దో గూగుల్‌కు చెప్పే రోబోట్స్ ఫైల్లో వాటిని బ్లాక్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. గూగుల్‌ను లోపలికే రానివ్వకపోతే ఆ పేజీలు పోయాయని దానికెలా తెలుస్తుంది?