లెక్కలు వదిలేసి యానిమేషన్‌లో చేరతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కార్లు కడిగే ప్రెషర్ పంపు నీటి ధారను కంప్యూటర్‌లో చేయాలని నెల రోజులుగా బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుంటున్నాడు. ధార తెగి ముద్దలు ముద్దలుగా వస్తోందట. లెక్కలు తన వల్ల కావని, ఆరు నెలల యానిమేషన్ కోర్సులో చేర్పించమని పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ముద్దలు ఎందుకు వస్తున్నాయో ముందు చూద్దాం. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

అలాంటి పంపులో పీడనం 100 బార్ల దాకా ఉంటుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో చదివిన బెర్నౌలీ సమీకరణంలో ఆ అంకె వేస్తే, నాజిల్ నుంచి నీరు సెకనుకు సుమారు 140 మీటర్ల వేగంతో వస్తుందని తేలుతుంది. బ్లెండర్‌లో మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. అంటే ఒక ఫ్రేముకూ మరుసటి ఫ్రేముకూ మధ్య నీరు దాదాపు 6 మీటర్లు దూకేస్తోంది! ఆ మధ్యలో ఒకటో రెండో సార్లే లెక్క కడితే నాజిల్ దగ్గర ఒక ముద్ద, మీటర్ల అవతల ఇంకో ముద్ద, నడుమ ఖాళీ. ఫ్రేమును ఇంకా చిన్న కాలభాగాలుగా విడగొడితే ధార కలుస్తుంది. సెట్టింగుల్లో కనిపించే 'సీఎఫ్‌ఎల్ నంబరు' ఇందుకోసమే. కోరంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లో చెప్పిన నియమం అది. లెక్క కోసం కంప్యూటర్ ఆ చోటును చిన్న చిన్న గడులుగా విడగొడుతుంది; ఒక్కో కాలభాగంలో నీరు ఎన్ని గడులు దాటవచ్చో దానితో నిర్ణయిస్తారు.

పీడనం పెంచే మీట కోసం కూడా అతను వెతుకుతూ ఉండవచ్చు. అక్కర్లేదు. నాజిల్ దాటేసరికి పీడనం వేగంగా మారిపోతుంది కనుక తొలి వేగం ఇస్తే చాలు. ఆ తర్వాత గాలి తాకిడికి ధార చీలి తుంపరవుతుంది. పెద్ద చుక్కలు దూసుకుపోతాయి, సన్నవి వెంటనే వేగం కోల్పోయి పొగలా తేలతాయి. ఈ తేడా కనిపిస్తేనే చూసేవారి కన్ను నమ్ముతుంది. ఒక సాయంత్రం సర్వీసింగ్ సెంటర్‌కు వెళ్లి, ఎండకు ఎదురుగా ఆ ధారను ఫోనులో స్లో మోషన్‌లో తీసుకురమ్మనండి.

ఇవన్నీ అతను వద్దంటున్న లెక్కలే. నెల రోజులు ఒకే ధార కోసం కూర్చున్న పిల్లవాడికి లెక్కలు రావంటే నేను నమ్మను. ర్యాంకుల పరుగులో విసిగిపోయాడేమో, కాస్త దగ్గర కూర్చుని అడగండి.

ఆరు నెలల కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టకండి. ఏ మీట ఎక్కడుందో నేర్పే చదువు సాఫ్ట్‌వేర్ మారితే పాతబడుతుంది. ఇంటర్ పూర్తయ్యాక బీటెక్ కంప్యూటర్ సైన్స్ గానీ, లెక్కలు, ఫిజిక్స్‌తో బీఎస్సీ గానీ ఈ పనికి గట్టి పునాది. బొమ్మలు గీయడం మీద మక్కువ ఎక్కువైతే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో యానిమేషన్ బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ఉంది. స్టూడియోల్లో నీరు, నిప్పు, పొగ పుట్టించేవారు ఎక్కువగా హుడినీ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. దాని అప్రెంటిస్ కూర్పు ఉచితం. వ్యాపారానికి వాడకూడదు గానీ నేర్చుకోవడానికి చాలు.

పరీక్షలు అయ్యాక ఆ ధారను పది సెకన్ల షాట్‌గా పూర్తి చేయమనండి. స్టూడియో తలుపు తట్టేటప్పుడు మొదట చూపాల్సింది అదే.