టెలిస్కోప్ తర్వాత, ముందు మౌంట్

తమ్ముడూ, హన్మకొండ నుంచి డల్లాస్ వచ్చి ఏడాదన్నా కాలేదు, రాత్రి ఆకాశం ఫొటోలు తీయడానికి ఎనిమిది అంగుళాల టెలిస్కోప్, కూల్డ్ కెమెరా (సెన్సర్‌ను చల్లబరిచే కెమెరా) రెండూ ఒకేసారి కార్డు మీద కొంటానంటున్నావు. చదువు లోను ఇంకా తీరలేదని కూడా నువ్వే రాశావు. ముందు నా సంగతి విను.

వచ్చిన కొత్తలో నేనూ సరిగ్గా ఆ సైజుదే కొన్నాను. దాని ఫోకల్ లెంగ్త్ 2,000 మిల్లీమీటర్ల పైమాటే. అది ఎంత ఎక్కువైతే ఆకాశంలో అంత చిన్న ముక్క ఫ్రేములో పడుతుంది. దానికి మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ తగిలిస్తే ఫ్రేములో ఇంచుమించు చంద్రుడంత ముక్క పడుతుంది, అంతే. నేను తీయాలనుకున్నది ఆండ్రోమెడా గెలాక్సీ. దాని పొడవు ఆరు చందమామలంత! మధ్యలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాలేదు. పైగా దాని మౌంట్, అంటే టెలిస్కోప్‌ను మోస్తూ తిప్పే స్టాండు, పైకీ కిందికీ, పక్కలకీ మాత్రమే కదిలే రకం. కంటితో చూడడానికి బాగుంటుంది. ఫొటోకొచ్చేసరికి, భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, చుక్కను వెంటాడుతున్నా ఫ్రేము మెల్లగా గుండ్రంగా తిరిగిపోతుంది. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తే అంచుల్లో చుక్కలు గీతలవుతాయి. ఇవన్నీ సరిచేద్దామని ఫోకల్ లెంగ్త్ తగ్గించే రెడ్యూసర్, మౌంట్‌ను వంచి నిలిపే వెడ్జ్, ఇంకేవో అడాప్టర్లు కొన్నాను. డాలర్లలో ఒక్కోటి చిన్న ఖర్చే అనిపిస్తుంది. ఒక రాత్రి అన్నీ కలిపి రూపాయల్లోకి మార్చి చూసుకుంటే, ఇంటికి పంపాల్సిన డబ్బు ఎటు పోతోందో అర్థమైంది. చివరికి సగం ధరకు అమ్మేశాను. అప్పుడు నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అన్నీ సొంతంగానే నేర్చుకున్నాను. నీకు చెప్పడానికి నేనున్నాను కదా.

నువ్వు కొనాల్సింది వాడిన డీఎస్‌ఎల్‌ఆర్, 135 మిల్లీమీటర్ల లెన్సు, ఒక స్టార్ ట్రాకర్, అంటే చుక్కల వెంట కెమెరాను మెల్లగా తిప్పే చిన్న మౌంట్. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటిది చాలు. గట్టి ట్రైపాడ్, వరసగా ఫొటోలు తీయించే ఇంటర్వలోమీటర్, లెన్సుకు మంచు పట్టకుండా డ్యూ హీటర్. పైసలు మిగిలితే మౌంట్ మీదే పెట్టు, టెలిస్కోప్ చివర్న చూద్దాం. కూల్డ్ కెమెరా ఊసే ఇప్పుడొద్దు. రెండేసి నిమిషాల ఫొటోలు అరవై తీసి డీప్‌స్కైస్టాకర్‌లోనో సిరిల్‌లోనో కలుపు. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. డల్లాస్ వెలుతురులో తీస్తే ఎంత ఖర్చు పెట్టినా దండగే, ఆ డబ్బేదో పెట్రోలుకు పెట్టు. టెక్సాస్‌లోనే ఉన్న కాపర్ బ్రేక్స్ స్టేట్ పార్కు దాకా డ్రైవ్ చెయ్యి, అక్కడ చీకటి బాగుంటుంది.

చిన్న సెట్టే కొనమనడానికి ఇంకో కారణం, అది మనూరికీ వస్తుంది. పాలపుంత నడిబొడ్డు డల్లాస్‌లో 28 డిగ్రీల ఎత్తు దాటదు, వరంగల్‌లో 43 దాకా ఎక్కుతుంది. మార్చి, ఏప్రిల్ తెల్లవారుజామున ములుగు వైపు చీకట్లోకి వెళ్లావంటే జ్యేష్ఠ నక్షత్రం చుట్టూ ఉన్న రంగుల మేఘాలు డల్లాస్‌లో కంటే ఎంతో బాగా వస్తాయి. ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. అది ఇక్కడ 33 డిగ్రీల ఎత్తులో ఉంటే అక్కడ 18 మాత్రమే, కాబట్టి ఉత్తరాన చెట్లు, గుట్టలు అడ్డం లేని చోటు చూసుకో. పవర్‌బ్యాంకు చేతి బ్యాగులోనే పెట్టాలి. కస్టమ్స్, బ్యాగేజీ రూల్స్ వాళ్ల సైట్లలో ఉంటాయి, చూసుకో.

మేడారం జాతరకు వెళ్లే ప్లాన్ ఉంటే ఒక్క మాట. జాతర మాఘ పున్నమి రోజుల్లో, ఆ వెన్నెలలో పాలపుంత ఫొటో రాదు. అమావాస్య దాకా ఉండేలా ముందే టికెట్ తీసుకో. తర్వాత తేదీ మార్చాలంటే అదనంగా డబ్బు కట్టాల్సి రావచ్చు.