వారంటీ అయిపోయింది, ఈఎంఐ ఇంకా ఉంది

ప్రశ్న: పద్నాలుగు నెలల క్రితం 18 నెలల ఈఎంఐ మీద ఫోన్ కొన్నాను. ధర దాదాపు నా నెల జీతమంత. ఏడాది వారంటీ రెండు నెలల కిందటే అయిపోయింది. పోయిన వారం ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడి ఆగిపోయింది. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మదర్‌బోర్డు పోయిందని, మార్చాలంటే ఫోన్ ధరలో సగం అవుతుందని అంటున్నారు. లోపం వాళ్లదైతే నేనెందుకు కట్టాలి? మిగిలిన నాలుగు ఈఎంఐలు ఆపేద్దామనుకుంటున్నాను. నా ఉద్యోగానికి ఫోన్ తప్పనిసరి కాబట్టి, ఈలోపు మా ఆవిడ ఫోన్‌లోంచి ఒక లోన్ యాప్‌లో అప్పు తీసుకుని కొత్తది కొనొచ్చా? చేతిలో పొదుపేమీ లేదు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆఖరి వాక్యం. ఏదో మాట వరసకి రాసినట్టు రాశారు గానీ, అసలు జబ్బు అక్కడే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, ఫోన్ బదులు బండో ఫ్రిజ్జో ఉంటుంది, అంతే తేడా. వస్తువుకి పూచీ 12 నెలలు, దాని మీద అప్పు 18 నెలలు. అంటే చివరి ఆరు నెలల్లో అది ఆగిపోతే రిపేరు ఖర్చూ కిస్తీ రెండూ మీ నెత్తినే పడతాయి. కొన్న రోజే కాగితం మీద కనిపించే లెక్క ఇది, కానీ కొనేటప్పుడు అందరూ నెలకెంత అని అడుగుతారు, ఎన్నాళ్లు అని ఎవరూ అడగరు.

ఈఎంఐలు మాత్రం దయచేసి ఆపకండి. మీకు అప్పిచ్చినవాళ్లు షాపుకి డబ్బు ఎప్పుడో కట్టేశారు, మీ ఫోన్ వెలుగుతుందా లేదా అన్నది వాళ్లకి అనవసరం. మీరు ఆపితే ఫోన్ కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లేటు ఫీజులు పడేది మీకు, క్రెడిట్ స్కోరు దిగేది మీది, రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు ఈ నాలుగు కిస్తీల గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ మీరే.

ఇక ఎవరు కట్టాలన్నది. వారంటీ దాటితే ఇక మనకే హక్కూ లేదనుకుంటారు చాలామంది, అది తప్పు. కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, చట్టం ఇచ్చే రక్షణ వేరు. యూరోపియన్ యూనియన్‌లో వస్తువు చేతికొచ్చిన రోజు నుంచి కనీసం 2 ఏళ్ల దాకా లోపాలకు అమ్మినవాళ్లదే బాధ్యత, కాబట్టి అక్కడ పద్నాలుగో నెలలో ఫోన్ ఆగితే నేరుగా కొన్న షాపుకే వెళ్లి అడగొచ్చు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద 6 ఏళ్ల వరకు (స్కాట్లాండ్‌లో 5) దావా వేయొచ్చు, అయితే మొదటి 6 నెలలు దాటాక లోపం మొదట్నుంచీ ఉందని కొన్నవాళ్లే చూపించాలి. ఇండియాలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, తయారీలోనే లోపం ఉందని చూపించే భారం అక్కడా మీదే. ఎక్కడున్నా వారంటీ దాటాక పేచీ అంతా రుజువు దగ్గరే. "కింద పడలేదు" అన్న మీ మాట ఒక్కటే చాలదు.

అందుకని ఆ సర్వీస్ సెంటర్ వాళ్లు నోటితో చెప్పింది జాబ్ షీట్‌లో, అంటే వాళ్లిచ్చే రిపేరు కాగితంలో, రాయించుకోండి. ఏ భాగం పోయింది, లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కరు మామూలుగానే ఉందా, బయట దెబ్బలేమైనా ఉన్నాయా, అన్నీ రాతలో ఉండాలి. దాన్ని కొన్న బిల్లుతో కలిపి కంపెనీకీ అమ్మినవాళ్లకీ ఇద్దరికీ మెయిల్ పెట్టండి. ఈ పని అయ్యేదాకా బయటి రిపేరు షాపులో ఫోన్ విప్పించొద్దు, విప్పాక నెపం మీ మీదికే వస్తుంది. మీ మోడల్‌కి కంపెనీ ఉచిత రిపేరు ఏదైనా ప్రకటించిందేమో వాళ్ల సైట్‌లో చూడండి. ఐఫోన్ 12, 12 ప్రోలలో కొన్నిటికి శబ్దం రాకుండా పోయినప్పుడు ఆపిల్ 2021లో అలాంటి ప్రోగ్రాం పెట్టింది, అమ్మిన రోజు నుంచి 2 ఏళ్ల దాకా ఉచితంగా బాగుచేస్తామంది, మామూలు వారంటీ ఏడాదే అయినా. అంతకుముందు, పాత బ్యాటరీలున్న ఫోన్లను నెమ్మదింపజేసినట్టు ఒప్పుకున్నాక, 2018 ఆఖరు దాకా వారంటీ లేని ఫోన్లకీ బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. జనం గట్టిగా అడిగితేనే ఇలాంటివి జరుగుతాయి, కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

కానీ ఇది నెలలు పట్టొచ్చు. ఫోన్ మీకు రేపు పొద్దున్నే కావాలి. గెలిచినా ఓడినా ఈలోపు ఖర్చు పెట్టాల్సింది మీరే, అందుకే అత్యవసర నిధి, అంటే ఇలాంటి ఆపదల కోసం విడిగా దాచుకున్న డబ్బు, ఉండాలంటాను. అది ఉన్నవాళ్లు రిపేరుకి డబ్బు కట్టేసి, తీరిగ్గా కంపెనీతో పోట్లాడతారు. లేనివాళ్లు లోన్ యాప్ వెతుక్కుంటారు.

ఆ యాప్ సంగతి తలుచుకుంటేనే చిరాకేస్తోంది నాకు. 100 అడిగితే ఫీజు కింద 15 కోసేసి 85 చేతిలో పెట్టి, పదిహేను రోజుల్లో 100 కట్టమంటారనుకోండి. 85కి 15 అంటే పక్షం రోజులకే 17 శాతం పైన, ఏడాదికి లెక్కేస్తే 400 శాతం దాటుతుంది. పైగా మీ ఆవిడ ఫోన్‌లో పెడతారట! కాంటాక్ట్‌లు చూసేందుకు ఆ యాప్ అనుమతి అడిగితే ఇచ్చేస్తారు, ఒక్క గడువు తప్పితే ఫోన్లు వెళ్లేది ఆవిడ పుట్టింటివాళ్లకి. ఒక ఫోన్ పోయిందని రెండో ఫోన్‌ని తాకట్టు పెట్టడం ఏం తెలివి చెప్పండి? క్రెడిట్ కార్డు మీద కొని మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తమే, కట్టుకుంటూ పోదామన్న ఆలోచన ఉంటే అదీ వద్దు, నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 51 శాతం.

మీకు నాలుగు కిస్తీలు మిగిలాయి. అవి అయిపోయిన మర్నెల నుంచి అదే మొత్తం, అదే తేదీన, ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలోకి ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. ఇన్నాళ్లూ ఆ డబ్బు లేకుండానే బతికారు కాబట్టి కొత్తగా కష్టమేమీ ఉండదు. ఆ లెక్కన ఏడాదిన్నరకి సుమారు ఒక నెల జీతం జమవుతుంది. అది చాలదు, నాకూ తెలుసు, అందుకే బోనస్ వచ్చినా ఇంక్రిమెంట్ వచ్చినా సగమైనా అందులోకే పోవాలి. ముందు ఒక నెల ఖర్చు, తర్వాత మూడు నెలలు, చివరికి ఆరు నెలలు. అందులో మూడు నెలల ఖర్చు చేరేదాకా ఈఎంఐ మీద ఏ వస్తువూ కొనకండి. ఆ తర్వాత కొన్నా, కిస్తీల గడువు వారంటీ కన్నా ఒక్క నెల కూడా ఎక్కువ ఉండకూడదు.

మిగతావి క్లుప్తంగా. సగం ధర పెట్టి పద్నాలుగు నెలల ఫోన్ బాగుచేయించే ముందు, మార్చిన భాగానికి ఎన్నాళ్ల పూచీ ఇస్తారో అడగండి, మూడు నెలలే అంటే ఆలోచించాల్సిందే. ప్రస్తుతానికి వాడేసిన పాత ఫోన్ ఏదైనా చాలు, పని జరిగితే సరి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాట ఇప్పుడు వద్దు, ఆగిపోయిన ఫోన్‌కి అది ఎవరూ ఇవ్వరు. ఫోన్ లేకపోతే ఉద్యోగం జరగదంటున్నారు కదా, మరి ఆఫీసులో అడిగారా? ఫోన్ ఇవ్వమనో, ఖర్చులో వాటా పెట్టమనో, కనీసం వడ్డీ లేకుండా జీతం అడ్వాన్సు ఇవ్వమనో రేపే మెయిల్ పెట్టండి, జవాబు వచ్చేదాకా ఆ యాప్ మాత్రం డౌన్‌లోడ్ చేయకండి.