వోల్గా ఒడ్డున శ్రీశైలం యాత్రికుడు

ప్రశ్న: మా అబ్బాయి రష్యాలోని త్వేర్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే జూన్‌లో నేనూ మావారూ వెళ్లి మూడు రోజులు వాడి దగ్గర ఉండాలనుకుంటున్నాం. ఏం చూపిస్తావురా అంటే, "ఇక్కడేముందమ్మా, ఒక నది ఉంది" అంటున్నాడు. చూడదగినవి నిజంగా ఏమీ లేవా? మేం శాకాహారులం.
– ఒక తల్లి, ఆత్మకూరు, నంద్యాల జిల్లా

జవాబు: వాణ్ని తిట్టకండమ్మా. 1992లో అదే ఊళ్లో మెడిసిన్‌లో చేరినప్పుడు మా అమ్మకు నేను రాసిన ఉత్తరంలోనూ దాదాపు ఇదే మాట ఉంది. ఊరి పేరు కలీనిన్ నుంచి మళ్లీ త్వేర్‌గా మారి అప్పటికి రెండేళ్లే. బస్సులో ముసలమ్మలు ఇంకా కలీనిన్ అనే అనేవాళ్లు. హాస్టల్, అనాటమీ హాలు, గడ్డకట్టిన వోల్గా మీద మంచుకు చిల్లు పెట్టి గాలం వేసుక్కూర్చునే మనుషులు... నాకు తెలిసిన త్వేర్ అంతే.

నదికి అవతలి ఒడ్డున ఒక పెద్ద విగ్రహం ఉంటుంది. గడ్డమాయన, గుర్రం తల చెక్కిన పడవ ముందు నిలబడి ఉంటాడు. ఎవరో స్థానిక వీరుడనుకుని రెండేళ్లు దాని పక్కనుంచే నడిచాను. ఆయన అఫనాసీ నికితిన్. ఈ ఊరి వ్యాపారి. 15వ శతాబ్దంలో వోల్గా మీద బయల్దేరి, దారిలో సరుకు దోపిడీకి పోయినా వెనక్కి తిరక్కుండా, పర్షియా మీదుగా మన బీదరు చేరాడు. విగ్రహం పెట్టింది 1955లో.

మీరు ఆత్మకూరు వాళ్లు కాబట్టి అసలు సంగతి చెప్పాలి. బీదరులో పరిచయమైన హిందువులతో కలిసి ఆయన ఒక తిరునాళ్లకు వెళ్లాడు. తన రాతల్లో ఆ చోటును 'పర్వత్' అన్నాడు. అది శ్రీశైలమనీ, వెళ్లింది శివరాత్రికనీ పరిశోధకులు చెబుతారు. ఇది వీళ్ల జెరూసలేం అని రాసుకున్నాడు. నల్లరాతి నంది గిట్టను జనం ముద్దుపెట్టుకుంటారనీ, దాని మీద పూలు చల్లుతారనీ రాశాడు. గుడి ఎంత పెద్దదంటే, మా త్వేర్‌లో సగం ఉంటుందన్నాడు! కొలవడానికి ఆయన దగ్గరున్న గజం బద్ద సొంత ఊరే కదా. మనవాళ్లు నెయ్యి వేసుకుని కిచిడీ తింటారనీ, తినేది కుడిచేత్తోననీ, చెంచా అన్నది ఎరగరనీ కూడా రాశాడు. పాపం, తిరిగి వెళ్తూ స్మోలెన్స్క్ చేరకముందే పోయాడు. రాతలు మాత్రం మాస్కో చేరాయి.

శివరాత్రికి మీ ఊరి మీదుగా కొండకు నడిచివెళ్లే జనాన్ని ఏటా చూసే మీరు, ఆ విగ్రహం దగ్గర ఒక పూట కూర్చోకుండా రావద్దు. సాయంత్రమైతే మేలు. జూన్‌లో అక్కడ రాత్రి పదికి కూడా వెలుతురు ఉంటుంది.

ఇవతలి ఒడ్డున సిటీ గార్డెన్‌లో రష్యన్ కవి పుష్కిన్, విగ్రహంగా, నదివైపు కమ్మీలకు ఆనుకుని నిలబడి ఉంటాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. పక్కనే రాజభవనం. 1763లో ఊరు కాలిపోయాక, మాస్కో–పీటర్స్‌బర్గ్ దారిలో రాచవారు ఆగడానికి కట్టారు. ఇప్పుడు చిత్రశాల. 1900లో కట్టిన పాత వంతెన మీద నడవండి. కొత్త వంతెనకు వాడిన ఇనుప భాగాలు లెనిన్‌గ్రాడ్‌లోని (అదే ఇప్పటి పీటర్స్‌బర్గ్) ఒక పాత వంతెనవి. 1564 నాటి తెల్ల ట్రినిటీ చర్చి చిన్నదే కానీ నాకు ఇష్టం. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మీ చీర కొంగు చాలు. మేకల మ్యూజియం ఒకటుంది, సరదాకు. వోల్గా పుట్టిన చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది కానీ చాలా దూరం, మూడు రోజుల్లో పెట్టుకోకండి.

మాస్కో లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్ నుంచి లాస్తొచ్కా రైలు ఎక్కితే రెండు గంటల లోపే దిగిపోతారు. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు రష్యాలో పనిచేయవు, డాలర్లు తీసుకెళ్లి రూబుళ్లు చేసుకోండి. తిండికి టెన్షన్ వద్దు. జామ్ పెట్టిన బ్లినీలు అట్టుకు చుట్టాలు. గ్రేచ్కా అనే గింజల్ని అన్నంలా ఉడికించి పెరుగు కలుపుకోవచ్చు. సూప్‌లో మాత్రం మాంసం ఉందేమో అడక్కుండా చెంచా ముంచకండి. "కూరగాయలదే" అంటూనే మాంసం ఉడికిన నీళ్లతో చేస్తారు, నేను మోసపోయాను.

ఇంకో మాట. జూన్ అంటే అక్కడ పరీక్షల నెల. మీవాడి ఆఖరి పరీక్ష ఎప్పుడో కనుక్కున్నాకే టికెట్లు కొనండి.