నూటికి అరవై ఆరు అన్న లెక్క

ప్రశ్న: మా అక్కకు నలభై మూడేళ్లు. రొమ్ములో 3 సెంటీమీటర్ల గడ్డ ఉందని, చంకలో ఒక గ్రంథికి జబ్బు సోకిందని, ఇది రెండో దశ అని విశాఖపట్నంలో చెప్పారు. రిపోర్టులో ‘ట్రిపుల్ నెగెటివ్’ అని ఉంది. ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెట్టారు, రెండు అయ్యాయి. ఈ జబ్బులో నూటికి అరవై ఆరుగురే అయిదేళ్లు బతుకుతారని ఎవరో అన్నప్పటి నుంచి, ఇంత దూరం తిరగడం దేనికి, మానేస్తానంటోంది. ఆ లెక్క నిజమేనా?
— ఒక చెల్లెలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: లెక్క నిజమేనమ్మా, దాన్ని మీ అక్కకు అంటగట్టడమే తప్పు. 2012–2015 మధ్య మన దేశంలోని పదకొండు క్యాన్సర్ రిజిస్ట్రీల్లో నమోదైన రొమ్ము క్యాన్సర్ రోగుల అయిదేళ్ల సాపేక్ష మనుగడ, అంటే అదే వయసున్న సామాన్య స్త్రీలతో పోల్చి కట్టిన లెక్క, 66.4 శాతం. అయిదేళ్లన్నది కొలతకు పెట్టుకున్న గడువే తప్ప ఆయుష్షుకు గీసిన గీత కాదు. జబ్బు రొమ్ముకే పరిమితమైనవారిలో ఇది 81 శాతం, చుట్టుపక్కలకు పాకినవారిలో 65.5, దూరపు అవయవాలకు చేరినవారిలో 18.3. మీ అక్క రెండో గుంపులోనే కదా అని మీరు దిగులుపడవచ్చు. కానీ ఒక్క గ్రంథికి సోకినవారూ, గడ్డ పగిలి పుండుపడ్డాక ఆసుపత్రికి వచ్చినవారూ ఆ గుంపులోనే ఉన్నారు.

నాకు దిగులు కలిగిస్తున్నది మానేస్తానన్న మాట. ‘ట్రిపుల్ నెగెటివ్’ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 గ్రాహకాలు (క్యాన్సర్ కణం మీద హార్మోన్లో, మందులో అతుక్కునే చోట్లు) మూడూ లేని రకం కాబట్టి టమాక్సిఫెన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు దీనికి పనికిరావు. మందుల భారం ప్రధానంగా కీమో మీదే పడుతుంది. ఇది చురుకైన రకమే, తిరగబెట్టే ముప్పు మొదటి మూడేళ్లలో ఎక్కువ. అయితే అయిదేళ్లు గడిచాక ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది, హార్మోన్ల మీద ఆధారపడే రకంలో మాత్రం పదేళ్లు దాటినా కొంత మిగిలే ఉంటుంది. కీమో అంతా పూర్తయి, ఆపరేషన్‌లో తీసిన కణజాలంలోనూ గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాలు కనిపించకపోతే, అటువంటివారి మనుగడ మిగిలినవారికన్నా చాలా మెరుగు. రెండు కీమోలతో ఆపేస్తే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకున్నట్టే.

ప్రయాణమే కష్టమైతే, ఒడిశాలో జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లోనూ కీమో ఇచ్చే ఏర్పాటు ఉంది కనుక, మిగిలినవి రాయగడలో ఇప్పించవచ్చునేమో విశాఖ వైద్యులనే అడిగి, మందుల వివరాలు రాయించుకోండి. ఎక్కడ ఇప్పించినా, మధ్యలో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.